జాబితాలోని విలువలతో డేటాబేస్ ఫలితాలను వడకట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని ఉదాహరణలన్నీ ఒక తెలుగు మాసపత్రిక చందాల డేటాబేస్‌ను ఊహించుకొని రాసినవి. అందులో ‘చందాదారులు’ అనే టేబుల్‌లో చందా సంఖ్య, పేరు, జిల్లా, పిన్‌కోడ్ ఉంటాయి. ‘చెల్లింపులు’ టేబుల్‌లో ఎవరు ఏ సంవత్సరానికి డబ్బు కట్టారో ఉంటుంది. చిరునామా దొరక్క పోస్టాఫీసు వెనక్కి పంపిన ప్రతుల వివరాలు ‘తిరుగుటపా’ టేబుల్‌లో ఉంటాయి. చదవడానికి వీలుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష) ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే చూపించాం. నిజంగా టైపు చేసేటప్పుడు సెలెక్ట్, వేర్, ఇన్ వంటి కీలకపదాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

ఒక కాలమ్‌లోని విలువ నా దగ్గరున్న జాబితాలో ఉంటేనే ఆ వరుస రావాలి. ఎలా రాయాలి?

దీనికి ఎస్‌క్యూఎల్‌లో ఉన్న సాధనం ‘ఇన్’.

సెలెక్ట్ పేరు, పిన్‌కోడ్ ఫ్రమ్ చందాదారులు వేర్ జిల్లా ఇన్ ('కరీంనగర్', 'జగిత్యాల', 'పెద్దపల్లి')

జిల్లా ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా సరే, ఆ వరుస ఫలితంలోకి వస్తుంది. జాబితాలో విలువలు ఏ క్రమంలో ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. ఒకే విలువను పొరపాటున రెండుసార్లు రాసినా ఆ చందాదారుడు రెండుసార్లు కనిపించడు. ఈ రెండో లక్షణం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జాయిన్‌కు (రెండు టేబుళ్ల వరుసలను జతచేసే పద్ధతికి) మారినప్పుడు ఇదే పెద్ద తేడా అవుతుంది. దాని సంగతి కింద వస్తుంది.

దీనికి బదులు ‘జిల్లా = ఇది ఆర్ జిల్లా = అది’ అని రాస్తే తప్పా? వేగంలో తేడా ఉంటుందా?

అర్థం ఒక్కటే కాబట్టి తప్పేమీ లేదు. జాబితా చిన్నదైతే వేగంలోనూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. జాబితా పెరిగేకొద్దీ మాత్రం ‘ఇన్’కు మేలైన అమలు పద్ధతులు ఉన్నాయి. జాబితాలో ఉన్నవన్నీ స్థిరమైన విలువలైతే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వాటిని ముందుగా క్రమంలో పేర్చుకొని ద్విభాగ శోధనతో (ప్రతిసారీ సగానికి కుదిస్తూ) వెతుకుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ 14వ వెర్షన్ నుంచి పొడవైన జాబితాలకు హ్యాష్ టేబుల్ (విలువను నేరుగా వెతికే పట్టిక) కట్టి చూస్తోంది, 15వ వెర్షన్ నుంచి ‘నాట్ ఇన్’కూ అదే సదుపాయం వచ్చింది.

అసలు ప్రమాదం వేగంలో కాదు, బ్రాకెట్లలో ఉంది. ‘ఆండ్’ అనేది ‘ఆర్’ కంటే గట్టిగా పట్టుకుంటుంది. ‘సంవత్సరం = 2024 ఆండ్ జిల్లా = కరీంనగర్ ఆర్ జిల్లా = జగిత్యాల’ అని బ్రాకెట్లు లేకుండా రాస్తే, కరీంనగర్ నుంచి 2024 చందాదారులు మాత్రమే వస్తారు, జగిత్యాల నుంచి అన్ని సంవత్సరాల వారూ వస్తారు. ఎర్రర్ ఏదీ రాదు, ఫలితం కూడా చూడ్డానికి నమ్మదగినట్టే ఉంటుంది. ‘ఇన్’ వాడితే జాబితా ఎలాగూ బ్రాకెట్లలోనే ఉంటుంది కనుక ఈ పొరపాటుకు చోటుండదు. ‘ఇన్’ను ఎంచుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

ప్రోగ్రామ్‌లో జాబితా ముందే తయారుగా ఉంది. దాన్ని క్వెరీలోకి (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలోకి) ఎలా పంపాలి?

చాలామంది మొదట చేసే పని, విలువలన్నింటినీ కామాలతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా మార్చి, ‘ఇన్ (?)’ అని ఒక్క ప్లేస్‌హోల్డర్ (తర్వాత విలువ వచ్చి కూర్చునే గుర్తు) పెట్టి పంపడం. ఇది పనిచేయదు. 'కరీంనగర్,జగిత్యాల' అనే మొత్తాన్ని డేటాబేస్ ఒకే విలువగా చూస్తుంది. అలాంటి పేరున్న జిల్లా ఏదీ లేదు కాబట్టి ఫలితం ఖాళీగా వస్తుంది. ఒక్క ప్లేస్‌హోల్డర్‌కు ఒక్క విలువే అన్నది ఇక్కడి నియమం.

ఆ తర్వాత చేసే పని ఇంతకంటే చెడ్డది. ప్లేస్‌హోల్డర్‌ను తీసేసి, విలువలను కోట్స్‌లో పెట్టి నేరుగా క్వెరీలో అతికిస్తారు. వాడుకరి నుంచి వచ్చే విలువలైతే ఇది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (విలువ ముసుగులో వేరే ఆదేశాన్ని చొప్పించడానికి) తలుపు తీసిపెట్టడమే. దురుద్దేశం ఎవరికీ లేకపోయినా, పేరులో ఒక్క కోట్ గుర్తు ఉంటే చాలు, క్వెరీ విరిగిపోతుంది.

సరైన దారులు రెండు. మొదటిది, జాబితాలో ఎన్ని విలువలు ఉంటే అన్ని ప్లేస్‌హోల్డర్లను ప్రోగ్రామ్‌లో పుట్టించి, ఒక్కోదానికి ఒక్కో విలువను జతచేయడం. ఇక్కడ క్వెరీలో అతికేది ప్రశ్నార్థకాలే తప్ప విలువలు కావు కనుక భయం లేదు. పైథాన్ సాధనాలైన జాంగోలో ‘ఇన్’ లుకప్, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో ‘ఇన్ అండర్‌స్కోర్’ చేసేది ఇదే.

రెండోది, మొత్తం జాబితాను ఒకే పారామీటర్‌గా (క్వెరీతో పాటు విడిగా పంపే విలువగా), అయితే స్ట్రింగ్‌గా కాకుండా జాబితాగానే పంపడం. పోస్ట్‌గ్రెస్‌లో ‘జిల్లా = ఎనీ (?)’ అని రాసి అర్రేను పంపవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచి టేబుల్ రూపంలోనే పారామీటర్‌ను పంపే వీలుంది. 2016 నుంచి స్ట్రింగ్‌స్ప్లిట్, ఓపెన్‌జేసన్ కూడా ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ 8లో జేసన్ రూపంలో జాబితాను పంపి, జేసన్‌టేబుల్‌తో వరుసలుగా విడదీయవచ్చు. జాబితా ఎంత పెరిగినా క్వెరీ పాఠం మారకపోవడం ఈ దారిలోని అసలు లాభం.

పైథాన్‌లో సైకాప్‌జీ (పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) వాడేవారు ఒక సంగతి గమనించాలి. రెండో వెర్షన్‌లో ‘ఇన్’ పక్కన టపుల్‌ను ఇస్తే సాగేది. మూడో వెర్షన్ పారామీటర్లను సర్వర్‌కు విడిగా పంపుతుంది కాబట్టి అది సాగదు, ‘ఎనీ’తో లిస్టును పంపాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ఫైండ్-ఇన్-సెట్ వాడితే కామాల స్ట్రింగే పనిచేస్తోంది కదా?

పనిచేస్తుంది. అయితే ఇక్కడ కాలమ్‌ను ఫంక్షన్ లోపల పెట్టాల్సి వస్తుంది కనుక ఆ కాలమ్ మీద ఉన్న ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) ఈ వెతుకులాటకు అక్కరకు రాదు. ప్రతి వరుసనూ తెరిచి చూడాల్సిందే. రెండు మూడు వేల వరుసలున్న టేబుల్‌లో ఈ భారం తెలియదు, లక్షలకు పెరిగాక తెలుస్తుంది. అదీగాక విలువలోనే కామా ఉంటే లెక్క తప్పుతుంది.

జాబితా ఖాళీగా ఉంటే ఏమవుతుంది?

‘ఇన్ ()’ అని ఖాళీ బ్రాకెట్లు పెడితే చాలా డేటాబేస్‌లు సింటాక్స్ ఎర్రర్ ఇస్తాయి. ఎస్‌క్యూలైట్ మాత్రం ఒప్పుకొని, ఏ వరుసా సరిపోలలేదని చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఎనీ’కి ఖాళీ అర్రే ఇచ్చినా సక్రమంగా ఖాళీ ఫలితమే వస్తుంది. జాంగో అయితే ఖాళీ జాబితాను చూసి డేటాబేస్ దాకా వెళ్లకుండానే ఖాళీ ఫలితం తిరిగి ఇస్తుంది.

ఎర్రర్ రావడం నిజానికి మంచిదే. ప్రమాదమంతా ఆ ఎర్రర్‌ను తప్పించుకోవడానికి చేసే సవరణలో ఉంది. జాబితా ఖాళీ అయితే ఆ షరతునే తీసేయాలి అని కొందరు కోడ్ రాస్తారు. వాడుకరి ఏ జిల్లానూ ఎంచుకోకపోతే అన్ని జిల్లాలూ చూపించాలన్న ఉద్దేశం వెతుకులాట పేజీలో సబబే కావచ్చు. అదే కోడ్‌ను తొలగింపు ఆదేశానికి కూడా వాడితే, తొలగించవలసిన వారు ఎవరూ లేని రోజున చందాదారులందరూ తుడిచిపెట్టుకుపోతారు. ‘ఏదీ ఎంచుకోలేదు’, ‘ఎంచుకున్నది సున్నా’ అనే రెండింటినీ ప్రోగ్రామ్ వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాలి: మొదటిదానికి జాబితాయే లేదు, రెండోదానికి జాబితా ఉంది, అందులో ఏమీ లేదు.

‘నాట్ ఇన్’ వాడితే ఒక్క వరుస కూడా రావడం లేదు. కచ్చితంగా రావలసినవి ఉన్నాయి. ఎందుకు?

జాబితాలో ఎక్కడో ఒక నల్ ఉంది. ఈ ప్రశ్న ఎన్ని రూపాల్లో వచ్చినా జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే.

తిరుగుటపాలో లేని చందాదారులు కావాలని ఇలా రాశారనుకుందాం.

సెలెక్ట్ పేరు ఫ్రమ్ చందాదారులు వేర్ చందా_సంఖ్య నాట్ ఇన్ (సెలెక్ట్ చందా_సంఖ్య ఫ్రమ్ తిరుగుటపా)

వెనక్కి వచ్చిన ప్రతుల్లో ఒకదాని మీద చీటీ చినిగిపోయి, అది ఎవరిదో తెలియక గుమాస్తా ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. అంటే అక్కడ నల్ ఉంది. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ స్ట్రింగ్ కాదు. విలువ తెలియదని అర్థం. చిరునామా చెరిగిపోయిన కవరు ఫలానా వారిదని ఎలా చెప్పలేమో, ఫలానా వారిది కాదని కూడా అలాగే చెప్పలేం.

ఎస్‌క్యూఎల్‌లో షరతుకు నిజం, అబద్ధం, తెలియదు అని మూడు ఫలితాలు ఉంటాయి. ‘41 నాట్ ఇన్ (7, 12, నల్)’ అంటే ‘41 ఏడు కాదు, పన్నెండు కాదు, నల్ కూడా కాదు’ అని మూడు షరతులను ఆండ్‌తో కలిపినట్టు. మొదటి రెండూ నిజం, మూడోది ‘తెలియదు’. వాటిని కలిపితే ‘తెలియదు’ మిగులుతుంది. వేర్ అన్నది నిజమైన వరుసలనే లోపలికి రానిస్తుంది, కాబట్టి 41వ చందాదారుడు బయటే ఉండిపోతాడు. ప్రతి చందాదారుడికీ ఇదే జరుగుతుంది. తిరుగుటపాలో నిజంగా ఉన్నవారి విషయంలో షరతు అబద్ధమవుతుంది, లేనివారి విషయంలో తెలియదు అవుతుంది, నిజం మాత్రం ఎవరి విషయంలోనూ కాదు.

మామూలు ‘ఇన్’లో నల్ ఉన్నా ఈ బాధ కనిపించదు. అక్కడ షరతులు ఆర్‌తో కలుస్తాయి, ఏ ఒక్కటి నిజమైనా చాలు. అందుకే ‘ఇన్’తో ఏళ్ల తరబడి సవ్యంగా నడిచిన సబ్‌క్వెరీకి (క్వెరీ లోపలి క్వెరీకి) ముందు ‘నాట్’ చేర్చిన రోజునే ఇది బయటపడుతుంది.

పరిష్కారంగా సబ్‌క్వెరీలో ‘చందా_సంఖ్య ఈజ్ నాట్ నల్’ అనే షరతు చేర్చవచ్చు. అంతకంటే ‘నాట్ ఎగ్జిస్ట్స్’ రాయడం అలవాటు చేసుకోవడం మేలు, ఎందుకంటే అది వరుస ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, నల్ దాన్ని తికమక పెట్టలేదు.

సెలెక్ట్ చ.పేరు ఫ్రమ్ చందాదారులు చ వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ తిరుగుటపా త వేర్ త.చందా_సంఖ్య = చ.చందా_సంఖ్య)

ఆరకిల్ వాడేవారికి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ డేటాబేస్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గానే చూస్తుంది. కాబట్టి చేతితో రాసిన ‘నాట్ ఇన్’ జాబితాలో రెండు కోట్స్ మధ్య ఏమీ లేకుండా ఒక విలువ ఉన్నా ఫలితం ఖాళీ అవుతుంది. చూసేవారికి అందులో నల్ ఎక్కడా కనిపించదు.

వడకట్టే కాలమ్‌లోనే నల్ ఉంటే అది వేరే సంగతి. జిల్లా నింపని చందాదారులు ‘ఇన్’లోనూ రారు, ‘నాట్ ఇన్’లోనూ రారు. రెండు క్వెరీల లెక్కలు కలిపితే మొత్తం సంఖ్యకు సరిపోవడం లేదని ఫిర్యాదు వస్తే మొదట చూడవలసింది ఇదే.

సబ్‌క్వెరీలో లేని కాలమ్ పేరు రాశాను. ఎర్రర్ రావాల్సింది పోయి వరుసలన్నీ వచ్చాయి. ఇదెలా సాధ్యం?

ఇది నియమం ప్రకారం జరిగినదే. తిరుగుటపా టేబుల్‌లో కాలమ్ పేరు ‘చందా_సంఖ్య’ కాదు, ‘చందాదారు_సంఖ్య’ అనుకోండి. మీరు ‘ఇన్ (సెలెక్ట్ చందా_సంఖ్య ఫ్రమ్ తిరుగుటపా)’ అని రాశారు. డేటాబేస్ ఆ పేరును ముందు లోపలి టేబుల్‌లో వెతుకుతుంది, అక్కడ దొరక్కపోతే బయటి టేబుల్‌లో వెతుకుతుంది. సబ్‌క్వెరీ లోపలి నుంచి బయటి కాలమ్‌ను పేర్కొనే హక్కు ఎస్‌క్యూఎల్‌లో ఉంది. ‘ఎగ్జిస్ట్స్’ పనిచేసేది ఆ హక్కు మీదే. చందాదారులు టేబుల్‌లో ఆ పేరు ఉంది కాబట్టి ఎర్రర్ రాదు. ప్రతి చందాదారుడి సంఖ్యనూ దానితోనే పోల్చి చూస్తుంది. తిరుగుటపాలో ఒక్క వరుస ఉన్నా చాలు, అందరూ సరిపోలతారు.

సెలెక్ట్‌లో అయితే అదనపు వరుసలు కనిపించి ఊరుకుంటాయి. డిలీట్‌లో ఇదే జరిగితే టేబుల్ ఖాళీ అవుతుంది. సబ్‌క్వెరీలోని ప్రతి కాలమ్‌కూ ముందు దాని టేబుల్ పొట్టిపేరు చేర్చి ‘త.చందా_సంఖ్య’ అని రాస్తే, పేరు తప్పైన క్షణంలోనే ఎర్రర్ వస్తుంది. ఇది శైలికి సంబంధించిన ఇష్టాయిష్టాల మాట కాదు. ‘ఇన్’ సబ్‌క్వెరీలలో తప్పనిసరిగా పాటించవలసిన పద్ధతి అని మా అభిప్రాయం. తొలగింపు ఆదేశమైతే ముందుగా అదే షరతుతో కౌంట్ తీసి చూడటం అదనపు జాగ్రత్త.

‘ఇన్’ సబ్‌క్వెరీ, ‘ఎగ్జిస్ట్స్’, జాయిన్: వీటిలో ఏది వాడాలి?

ఇప్పటి డేటాబేస్‌లు ‘ఇన్’ సబ్‌క్వెరీని, ‘ఎగ్జిస్ట్స్’ను చాలావరకు ఒకే విధంగా, సెమీ జాయిన్ (సరిపోలే వరుస ఉందా అని మాత్రమే చూసే) పద్ధతిలో అమలు చేస్తాయి. మైఎస్‌క్యూఎల్ 5.5 వరకు ‘ఇన్’ సబ్‌క్వెరీలు బయటి టేబుల్‌లోని ప్రతి వరుసకూ మళ్లీ మళ్లీ నడిచి చాలా నెమ్మదిగా ఉండేవి. 5.6లో దాన్ని సరిచేశారు. ‘ఇన్’లో సబ్‌క్వెరీ పెట్టకూడదన్న సలహా ఆనాటిది, దాన్ని ఇప్పటికీ మోయనక్కరలేదు.

జాయిన్ అర్థమే వేరు. చందాదారులను చెల్లింపులతో జాయిన్ చేస్తే, ఐదేళ్లు చందా కట్టినవారు ఐదుసార్లు వస్తారు. చెల్లించినవారి పేర్లు మాత్రమే కావాలంటే ‘ఇన్’ లేదా ‘ఎగ్జిస్ట్స్’ రాయాలి, చెల్లింపు తేదీ కూడా చూపించాలంటే జాయిన్ రాయాలి. జాయిన్ రాసి, పేర్లు పదేపదే రావడం చూసి, పైన డిస్టింక్ట్ (నకళ్లను తీసేసే పదం) తగిలించడం లక్షణాన్ని కప్పిపుచ్చడమే. ఒకే పేరున్న ఇద్దరు వేర్వేరు చందాదారులు ఉంటే ఆ డిస్టింక్ట్ వారిని కూడా ఒకరిని చేస్తుంది.

జాబితాలో గరిష్ఠంగా ఎన్ని విలువలు పెట్టవచ్చు?

డేటాబేస్‌ను బట్టి మారుతుంది. ఆరకిల్‌లో చాలాకాలంగా 1000 దాటితే ‘ఓఆర్ఏ-01795’ అనే ఎర్రర్ వచ్చేది. 23ఏఐ వెర్షన్‌లో ఆ పరిమితిని 65,535కు పెంచారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక ఆదేశానికి 2100 పారామీటర్లే పంపగలం. పారామీటర్లు కాకుండా విలువలను నేరుగా రాస్తే ఆ హద్దు వర్తించదు గానీ, జాబితా అనేక వేలకు చేరితే 8623, 8632 ఎర్రర్లు ఎదురవుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో పారామీటర్ల సంఖ్యను 16 బిట్లలో పంపుతారు కాబట్టి హద్దు 65,535. అయితే ‘ఎనీ’తో పంపే అర్రే మొత్తం ఒక్క పారామీటర్ కిందే లెక్క. ఎస్‌క్యూలైట్‌లో 3.32 వెర్షన్‌కు ముందు 999, ఆ తర్వాత 32,766 సహజ పరిమితి. మైఎస్‌క్యూఎల్‌లో జాబితాకు విడిగా సంఖ్యాపరిమితి లేదు, మొత్తం ఆదేశం ‘మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్’ పరిమాణంలో ఇమడాలి.

ఈ హద్దులను గుర్తుపెట్టుకోవడం కంటే, వాటి దరిదాపులకు వెళ్లవలసి రావడాన్నే ఒక సూచనగా తీసుకోవాలి. 5,000 చందా సంఖ్యలు ప్రోగ్రామ్‌లోకి ఎక్కడి నుంచి వచ్చాయి? తరచుగా దొరికే జవాబు, అదే డేటాబేస్‌లో ఇంతకుముందు నడిపిన మరో క్వెరీ నుంచి అని. అలాంటప్పుడు ఆ విలువలను బయటికి తెచ్చి మళ్లీ లోపలికి పంపడం వృథా. మొదటి క్వెరీని రెండోదానిలో సబ్‌క్వెరీగా పెడితే జాబితా అవసరమే ఉండదు.

విలువలు నిజంగానే బయటి నుంచి, ఒక ఎక్సెల్ ఫైలు నుంచి వచ్చాయి. ముక్కలు చేసి పంపవచ్చా?

వెయ్యేసి చొప్పున ముక్కలు చేసి పంపవచ్చు. వరుసలు తెచ్చుకోవడం వరకే అయితే ఇబ్బంది లేదు. క్వెరీలో క్రమం, పరిమితి, కూడికలు ఉంటే మాత్రం ఫలితాలు తేడా కొడతాయి. ప్రతి ముక్కలోనూ మొదటి పదిమందిని తెచ్చి కలిపితే అది మొత్తం మీద మొదటి పదిమంది కాదు. ప్రతి ముక్కలో వేర్వేరు జిల్లాల సంఖ్య లెక్కించి కూడితే, ఒకే జిల్లా పలుమార్లు లెక్కలోకి వస్తుంది. ముక్కలన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, ఒకే స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని డేటా రూపం) కింద నడవకపోతే మధ్యలో డేటా మారిపోవచ్చు కూడా. ‘నాట్ ఇన్’ను ముక్కలు చేయడం అసలే కుదరదు: మొదటి ముక్కలో లేనివారు రెండో ముక్కలో ఉండవచ్చు.

జాబితాను ఒక తాత్కాలిక టేబుల్‌లోకి ఎక్కించి, దానితో ‘ఇన్’ సబ్‌క్వెరీ నడపడమే నిలకడైన పద్ధతి. ఎక్కించేటప్పుడు ఆ కాలమ్‌ను ప్రైమరీ కీగా పెడితే నల్‌లూ, నకళ్లూ అక్కడే పట్టుబడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో తాత్కాలిక టేబుళ్లను ఆటోవాక్యూమ్ (గణాంకాలను తనంతట తానే తాజాగా ఉంచే పని) ముట్టుకోదు కనుక, నింపిన తర్వాత అనలైజ్ ఆదేశాన్ని మనమే ఇవ్వాలి. లేకపోతే ప్లానర్ ఆ టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో సరిగా అంచనా వేయలేక పొరపాటు దారి ఎంచుకుంటుంది.

కాలమ్ మీద ఇండెక్స్ ఉంది. అయినా ‘ఇన్’ క్వెరీ నెమ్మదిగా నడుస్తోంది. కారణాలేమిటి?

ముందుగా డేటా టైపులు చూడండి. పిన్‌కోడ్‌ను స్ట్రింగ్‌గా దాచి, ‘పిన్‌కోడ్ ఇన్ (505001, 505327)’ అని కోట్స్ లేకుండా అడిగితే, మైఎస్‌క్యూఎల్ ప్రతి వరుసలోని స్ట్రింగ్‌నూ సంఖ్యగా మార్చి పోలుస్తుంది, ఇండెక్స్ పక్కకు పోతుంది. కొన్ని విలువలకు కోట్స్ పెట్టి, కొన్నింటికి పెట్టకపోతే ఫలితాలే తప్పు రావచ్చు. జాబితాలో రెండు రకాలనూ కలపవద్దని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఇలాంటి పోలికకు ఒప్పుకోక ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. కాలమ్‌ను లోయర్, ట్రిమ్ వంటి ఫంక్షన్లలో పెట్టినా మామూలు ఇండెక్స్ పనికిరాదు.

తర్వాత జాబితా పొడవు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక అమరిక ఉంది, దాని సహజ విలువ 200. జాబితా ఆ సంఖ్యకు చేరిన తర్వాత, ఒక్కో విలువకు ఎన్ని వరుసలున్నాయో ఇండెక్స్‌లోకి దిగి చూడటం మానేసి, సగటు గణాంకాల మీద ఆధారపడుతుంది. జిల్లాల్లో చందాదారులు ఎక్కువ తక్కువలుగా ఉంటే ఆ సగటు తప్పుదారి పట్టిస్తుంది. 199 విలువలతో చురుగ్గా నడిచిన క్వెరీ ఇంకొన్ని చేర్చగానే చతికిలపడిందంటే ఇక్కడ చూడాలి.

ఇంకొకటి నేరుగా కనిపించని కారణం. ప్లేస్‌హోల్డర్ల సంఖ్య మారినప్పుడల్లా డేటాబేస్‌కు అది కొత్త క్వెరీయే. మూడు విలువలకు ఒక ప్లాన్ (అమలు పద్ధతి), నాలుగింటికి మరొకటి, ఇలా ప్లాన్లను దాచుకునే క్యాష్ నిండిపోతుంది. జావా లైబ్రరీ అయిన హైబర్నేట్‌లో దీనికోసమే పారామీటర్ల సంఖ్యను 2, 4, 8, 16 అంటూ రెండు యొక్క ఘాతాలకు నింపే అమరిక ఉంది. చివరి విలువనే మళ్లీ రాసి ఖాళీలు పూడుస్తుంది. జాబితాలో నకళ్లు ఫలితాన్ని మార్చవు కాబట్టే ఈ ఉపాయం చెల్లుతుంది.

తెలుగులో రాసిన పేర్లు కంటికి ఒకేలా ఉన్నా సరిపోలడం లేదు. ఏం చేయాలి?

తెలుగు డేటాలో దీనికి ప్రత్యేక కారణాలు ఉన్నాయి. పొల్లు ఉన్న హల్లు తర్వాత ప్రత్యయం చేర్చేటప్పుడు, ఒత్తు ఏర్పడకుండా చాలా కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని చేరుస్తాయి. ‘కరీంనగర్‌లో’ అన్న మాట నుంచి ‘లో’ను చెరిపేసినప్పుడు, ఆ కనిపించని అక్షరం ‘కరీంనగర్’ చివర మిగిలిపోయే వీలుంది. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు కొస గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ‘హైదరాబాద్’ రెండు విధాలా తెర మీద ఒకేలా కనిపిస్తుంది, కానీ బైట్లు వేరు. పోస్ట్‌గ్రెస్‌లో సాధారణ పోలిక బైట్లనే చూస్తుంది.

డేటాను దాచేటప్పుడే ఒక రూపానికి తేవాలి: యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ (విడి సంకేతాలను ఒకే సంకేతంగా కలిపే) రూపానికి మార్చడం, కొసల్లోని ఖాళీలను, కనిపించని అక్షరాలను తీసివేయడం. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ అందులోనే ఉంది. ఇదే శుద్ధిని జాబితాకు కూడా చేయాలి, లేకపోతే సగం పనే అయినట్టు. హైదరాబాద్, హైదరాబాదు అనే రెండు వాడుకలు మాత్రం ఏ నార్మలైజేషన్‌కూ లొంగవు. పిన్‌కోడ్‌లోనూ ఇలాంటిదే ఉంది: కవర్ల మీద ‘505 001’ అని మధ్యలో ఖాళీ వదిలి రాసే అలవాటు డేటాలోకీ వస్తుంది.

జాబితాలో నేనిచ్చిన క్రమంలోనే ఫలితాలు రావాలి. కుదురుతుందా?

‘ఇన్’ ఆ హామీ ఇవ్వదు, క్రమాన్ని విడిగా అడగాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై దగ్గర ఫీల్డ్ ఫంక్షన్, పోస్ట్‌గ్రెస్‌లో అర్రే పొజిషన్ ఫంక్షన్ ఉన్నాయి. తాత్కాలిక టేబుల్ వాడుతుంటే క్రమసంఖ్య కాలమ్ ఒకటి పెట్టి దానితో జాయిన్ చేస్తే సరిపోతుంది.

జాబితాలోని ఏదో ఒకటి కాదు, అన్నీ ఉన్నవారే కావాలి. ఉదాహరణకు 2022, 2023, 2024 మూడేళ్లూ చందా కట్టినవారు.

‘ఇన్’ ఒక్క వరుసను మాత్రమే చూస్తుంది, ఈ ప్రశ్న అనేక వరుసలను కలిపి చూడమంటోంది. ముందు ‘ఇన్’తో ఆ మూడేళ్ల చెల్లింపులను వడకట్టి, చందా సంఖ్య వారీగా గ్రూప్ చేసి, వేర్వేరు సంవత్సరాల సంఖ్య 3 అయినవారిని హ్యావింగ్‌తో ఎంచుకోవాలి.

సెలెక్ట్ చందా_సంఖ్య ఫ్రమ్ చెల్లింపులు వేర్ సంవత్సరం ఇన్ (2022, 2023, 2024) గ్రూప్ బై చందా_సంఖ్య హ్యావింగ్ కౌంట్(డిస్టింక్ట్ సంవత్సరం) = 3

డిస్టింక్ట్ వదిలేస్తే, ఒకే ఏడాది చందాను మూడు వాయిదాల్లో కట్టినవారు కూడా లోపలికి వస్తారు.

రెండు కాలమ్‌లను జంటగా జాబితాతో పోల్చవచ్చా?

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఆరకిల్‌లలో ‘(జిల్లా, సంవత్సరం) ఇన్ (...)’ అని జంటలు ఇవ్వవచ్చు. ఎస్‌క్యూలైట్‌లో జంటలను సబ్‌క్వెరీతో పోల్చవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ రూపం లేదు, ‘ఎగ్జిస్ట్స్’ రాయాలి. రెండు వేర్వేరు ‘ఇన్’లను ఆండ్‌తో కలపడం దీనికి సమానం కాదు: కరీంనగర్-2023, జగిత్యాల-2024 అడిగితే కరీంనగర్-2024 కూడా వచ్చేస్తుంది.

నా జాబితాలో ఉండి, టేబుల్‌లో లేని విలువలు ఏవో తెలియాలి.

‘ఇన్’ ఉన్న వరుసలనే ఇస్తుంది, లేనివాటి గురించి మాట్లాడదు. 200 చందా సంఖ్యలు అడిగి 193 వరుసలు వస్తే ఆ ఏడు ఏవో అది చెప్పదు. జాబితానే టేబుల్‌గా మార్చి, దాని వైపు నుంచి చందాదారులకు లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచే జాయిన్) చేసి, కుడివైపు నల్ వచ్చినవాటిని ఏరుకోవాలి.

జిల్లాల జాబితాను ప్రోగ్రామ్ కోడ్‌లోనే రాసిపెట్టుకుంటే నష్టమేమిటి? అదేమీ రోజూ మారేది కాదు కదా.

రోజూ మారదు గానీ మారుతుంది, మారినప్పుడు ఆ జాబితా ఎన్ని చోట్ల రాసి ఉందో ఎవరికీ గుర్తుండదు. తెలంగాణలో 2014లో 10 జిల్లాలు ఉండేవి. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. పాత కరీంనగర్ జిల్లా నుంచే జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పుట్టాయి కాబట్టి, 'కరీంనగర్' అని ఒక్క విలువతో రాసిన పాత క్వెరీ కొత్త డేటా మీద ఎర్రర్ లేకుండా నడిచి, తక్కువ మందిని చూపిస్తుంది.

వరంగల్ సంగతి ఇంకా చిక్కు. 2016లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని జిల్లాలు ఏర్పడ్డాయి. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అనీ, రూరల్ జిల్లాకు వరంగల్ అనీ పేర్లు పెట్టారు. అంటే 'వరంగల్' అన్న ఒకే స్ట్రింగ్ 2015 చందాల్లో ఒక ప్రాంతాన్నీ, 2023 చందాల్లో మరో ప్రాంతాన్నీ సూచిస్తుంది. పేర్లతో రాసిన ఏ ‘ఇన్’ జాబితా ఈ తేడాను పట్టుకోలేదు.

కాబట్టి జిల్లాలకు ఒక టేబుల్ ఉండాలి. అందులో మారని సంఖ్య ఒకటి, పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో చెప్పే రెండు కాలమ్‌లు, ఏ జిల్లా నుంచి విడిపోయిందో చెప్పే కాలమ్ ఒకటి ఉంటే చాలు. పత్రిక కార్యాలయం ‘ఉత్తర తెలంగాణ ఏజెంటు చూసే జిల్లాలు’ అని ఒక సముదాయాన్ని వాడుతుంటే, దానికీ ఏజెంటు సంఖ్య, జిల్లా సంఖ్య అనే రెండు కాలమ్‌ల చిన్న టేబుల్ పెట్టి, క్వెరీలో ‘ఇన్ (సెలెక్ట్ ఏ.జిల్లా_సంఖ్య ఫ్రమ్ ఏజెంటు_జిల్లాలు ఏ వేర్ ఏ.ఏజెంటు_సంఖ్య = ?)’ అని రాయవచ్చు. ఏజెంటుకు కొత్త జిల్లా అప్పగించినప్పుడు కార్యాలయ గుమాస్తా ఒక వరుస చేరుస్తాడు, ప్రోగ్రామర్‌ను పిలవనక్కరలేదు. ఆ టేబుల్‌లో జిల్లా_సంఖ్య కాలమ్‌కు నాట్ నల్ నిబంధన పెట్టడం మాత్రం మరవకూడదు, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాని మీద ‘నాట్ ఇన్’ రాస్తారు.